నల్లబడని తెర

గడియారాలాయన భార్య ప్రాణం పోయే ముందు చెయ్యెత్తి పిలిచిందట. ఆ మనిషి గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాడే తప్ప ఉలకలేదట, పలకలేదట.

ఈ మాట అన్నది మేడమీదావిడ. ఆవిడకు తోడికోడలు చెప్పిందట. తోడికోడలికి ఆసుపత్రిలో గదులు తుడిచే ఆయా చెప్పిందట. ఆయా మాత్రం కళ్లారా చూసిందట. నోరు మారిన కొద్దీ మాటకు కాళ్లూ చేతులూ మొలుస్తాయి కదా, దీనికి ఏకంగా తాళంచెవి మొలిచింది. ఎత్తిన చేతివేళ్లు రెండూ కలిపి అటూ ఇటూ తిప్పిందట గనక, బీరువా తాళం ఎక్కడ దాచిందో చెప్పబోయిందట. అది ఆయనకు అప్పటికే దొరికి ఉంటుంది గనక వినిపించుకోలేదట.

"ముప్పై అయిదేళ్లు కాపురం చేసిన మనిషి చెయ్యెత్తితే, తిరిగి ఒక చెయ్యి ఊపడానికి ఏం పోయింది? వీధిలో కుక్క తోకాడిస్తే మనం పలకరించమూ?" అందట మేడమీదావిడ, తీగ మీద బట్టలు తీస్తూ.

పూసగుచ్చినట్టు ఇదంతా మోసుకొచ్చింది పిన్ని. పోయినావిడకు సొంత చెల్లెలు. నోటికి గడియ లేదు గానీ మనసులో మర్మం లేని మనిషి. వచ్చి, అక్క కూతురి ముందు కుమ్మరించింది. ఆ అక్క కూతుర్ని వీధిలో అందరూ ఇంజనీరమ్మ అంటారు. ఇంట్లో ఫ్యాను తిరక్కపోయినా, పంపులో నీళ్లు రాకపోయినా ఆమెనే పిలుస్తారు. ఆమె చేసే పని అది కాదని ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ ఎక్కదు.

"దాని నాలిక తెగ! నేను జుట్టు పట్టుకుందును, చేతిలో పాలగిన్నె ఉంది," అంది పిన్ని. "బావ మీదా ఆ మాట? చీమను తొక్కితే వెనక్కి తిరిగి చూసే మనిషి!"

ఇంజనీరమ్మ కోపం తెచ్చుకోలేదు. "ఏ వేళ్లు పిన్నీ?" అంది.

"ఏ వేళ్లయితే ఏమిటే ఇప్పుడు?"

"చెప్పు. బొటనవేలూ చూపుడువేలేనా?"

"ఆ. ఇదిగో, ఇట్లా తిప్పిందట." పిన్ని గాల్లో చెయ్యెత్తి తిప్పి చూపించింది. చూపించిన తర్వాత తనకూ గుర్తొచ్చి, ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆ సైగ తెలియనిదెవరికి? ఇంటికీ గడియారాల కొట్టుకీ మధ్య వీధి ఒక్కటే అడ్డం. మధ్యాహ్నం పూట వంటింటి కిటికీలో నిలబడి ఆవిడ చెయ్యెత్తేది. రెండు వేళ్లతో గాల్లో గడియారానికి కీ ఇచ్చినట్టు తిప్పేది. కీ అయిపోయింది, ఇక తిండికి రా అని. ఆయన కంటికి తగిలించుకున్న భూతద్దం నుదుటి మీదికి నెట్టి, అక్కణ్నుంచి చెయ్యెత్తేవాడు. వస్తున్నా అని. నోరు విప్పి పిలిచిందీ లేదు, బదులు పలికిందీ లేదు. జ్వరంతో ఉన్న రోజు కూడా ఆ చెయ్యి లేవకుండా పోలేదు, దానికి జవాబు రాకుండానూ పోలేదు.

"నాన్న చూసి ఉంటే చెయ్యెత్తేవాడు," అంది ఇంజనీరమ్మ.

"చూస్తూనే ఉన్నాడటగదే!"

"చూస్తూ ఉన్నాడు. ఏం చూస్తూ ఉన్నాడో నాకు తెలియాలి."

పిన్నికి ఈ మాట అర్థం కాలేదు. కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇంజనీరమ్మ పనిచేసే చోట తెరలు తయారుచేస్తారు. గోడకు బిగించే తెరలు, మంచం పక్కన నిలబెట్టే తెరలు. ఆసుపత్రి వాళ్లు ఒక కోరిక కోరారు. అంటు సోకకుండా వేరుగా ఉంచే గదిలో రోగి దగ్గర ఒక తెర, బయట అయినవాళ్లు కూర్చునే గదిలో ఒక తెర ఉండాలి, లోపలివాళ్లు బయటివాళ్లకీ బయటివాళ్లు లోపలివాళ్లకీ కనబడాలి. మాట వినబడక్కర్లేదు, బొమ్మ చాలు. బొమ్మ అద్దంలో చూసినంత స్పష్టంగా ఉండాలి. పెట్టెలో ఫ్యాను ఉండకూడదు, ఎందుకంటే ఫ్యాను దుమ్మునూ సూక్ష్మజీవుల్నీ గదంతా చల్లుతుంది. పెట్టెకు సందన్నది ఉండకూడదు, రోజూ మందునీళ్లతో తుడవాలి. కరెంటు పోతే బ్యాటరీ మీద నాలుగు గంటలు నడవాలి.

అంటే మూత బిగించిన కుండ లాంటిది ఆ పెట్టె. లోపల పుట్టిన వేడి లోపలే మగ్గాలి. అందుకని దానిలో పెట్టే చిప్పు కొంచెం కరెంటుతోనే క్షణానికి ముప్పై బొమ్మలు గీసి చూపించాలి. తిండి తక్కువ తినాలి, చాకిరీ ఎక్కువ చెయ్యాలి, వేడెక్కకూడదు, ఎదురు చెప్పకూడదు. "మనం వెతుకుతున్నది చిప్పును కాదు, పాతకాలపు అత్తగారు కోడల్ని వెతికినట్టుంది," అని ల్యాబులో నవ్వుకునేవాళ్లు.

మూడు చిప్పులు వచ్చాయి. వాటికి పొడుగాటి అంకెల పేర్లుంటాయి, అవెవరికి గుర్తుంటాయి! ల్యాబులో గుర్రం, ఎద్దు, పిల్లి అన్నారు. గుర్రం ఎంత బొమ్మయినా పరుగు మీద చూపించేది గానీ తొమ్మిది వాట్లు తినేది, పెట్టె మీద బట్టలు ఇస్త్రీ చేసుకోవచ్చు. ఎద్దు మధ్యరకం. బొమ్మలో కదలిక బాగా ఎక్కువైతే అలిసిపోయి తెర ఒక్క క్షణం నల్లబడేది, మళ్లీ లేచేది. పిల్లి రెండు వాట్లతో బతికేది. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉండేది. తెర నల్లబడిందన్న మాటే లేదు.

పరీక్ష పెట్టింది ఇంజనీరమ్మే. చొక్కా గుండీ అంత సెన్సరును తెర మూలన అతికించేది. తెర నల్లబడిన ప్రతిసారీ మీటరులో ఒక అంకె పెరిగేది. మూడు పగళ్లూ మూడు రాత్రులూ ఆపకుండా నడిపితే ఎద్దుకు నలభై ఒకటి వచ్చాయి, గుర్రానికి రెండు. పిల్లికి సున్నా. ఎలా సున్నా అని తనే తవ్వి చూసింది. పిల్లి చేతికి కొత్త బొమ్మ అందకపోతే, అందేదాకా పాత బొమ్మనే నిలబెట్టి ఉంచుతుంది. ల్యాబులో అది కనురెప్పపాటు కూడా ఉండేది కాదు. రిపోర్టులో ఆ వరుసకు ఎదురుగా తన చేత్తో రాసింది: 'చివరి బొమ్మను నిలిపి ఉంచుతుంది. మంచి గుణం.' పైఅధికారి దాని కింద ఎర్రగా గీత గీశాడు. ఎర్రకలంతో గీతలు గీయకుండా కాగితం చదవలేడు గనక ఆయన్ని గీతలాయన అంటారు. చిప్పు ఖాయమైంది. మూడు జతల తెరలు ఆసుపత్రికి వెళ్లాయి.

అవి బిగించిన ఆరో వారంలో తల్లికి రక్తంలో జబ్బు తేలింది. మందు వేస్తే ఒంట్లో ఉన్న కాస్త బలమూ పోతుంది, బయటి గాలి సోకినా ప్రమాదమే అన్నారు. ముసుగేసుకున్న నర్సూ, గది తుడిచే ఆయా తప్ప ఇంకొకరు లోపలికి వెళ్లడానికి లేదు. తను కట్టిన ఇంట్లోకి తనే అద్దెకు వచ్చినట్టు, ఇంజనీరమ్మ తను ఎంచిన తెర ముందుకే తండ్రిని తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"చూడు నాన్నా, సెలైన్ సీసాలో చుక్క పడటం కూడా కనబడుతోంది," అంది, కొంచెం గర్వంగానే.

ఆయన వంగి చూశాడు. భూతద్దం పెట్టుకునే అలవాటుకొద్దీ ఒక కన్ను మూసి చూశాడు. తెరలో భార్య చెయ్యెత్తి, వేళ్లు తిప్పింది. ఆయనా చెయ్యెత్తాడు. పక్కన కూర్చున్నవాళ్లెవరో నవ్వారు. రెండో రోజుకు ఆయన చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "నిమిషానికి ఇరవై పడాలన్నారు, పద్దెనిమిదే పడుతున్నాయమ్మా," అని నర్సుకు చెప్పాడు. నర్సు లోపలికి వెళ్లి చూసి, గొట్టం సరిచేసి వచ్చి, "మీరుంటే మాకు మిషన్లు అక్కర్లేదు తాతగారూ," అంది.

గడియారాలు బాగుచేసేవాడు ఏ యంత్రాన్ని చూసినా మొదట ఒకటే అడుగుతాడు. "ఇది ఆగిపోతే ఎట్లా తెలుస్తుంది అమ్మడూ?" అన్నాడు.

"ఆగితే తెర నల్లబడుతుంది నాన్నా. నల్లబడనంతసేపూ అమ్మ అక్కడ ఉన్నట్టే."

ఆ మాట ఆమె నమ్మే చెప్పింది. తలాడించాడు. పందొమ్మిది రోజులు పొద్దుట్నుంచి చీకటి పడేదాకా అదే కుర్చీలో కూర్చున్నాడు. పందొమ్మిదో రోజు మధ్యాహ్నం నాలుగు దాటాక నర్సు బయటికి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఇంజనీరమ్మ ఆఫీసు నుంచి పరుగెత్తుకు వచ్చేసరికి ఆయన ఇంకా తెర వైపే చూస్తున్నాడు.

అప్పట్నుంచి ఎవరు పలకరించినా ఆయన నోట ఒకటే మాట. "నేను చూస్తూనే ఉన్నాను." నిద్రలోనే హాయిగా పోయిందని చుట్టాలందరూ ఆ మాటకు తలొక ముక్కా అతికించి, ఓదార్పుగా ఆయనకే తిరిగి ఇచ్చారు. ఆ చివరి చూపు ఒక్కటి ఆసరాగా పట్టుకుని మనిషి లేచి తిరుగుతున్నాడని పిన్ని నమ్మకం. ఇంజనీరమ్మ నమ్మకమూ అదే, మేడమీదావిడ మాట చెవిన పడేదాకా.

మర్నాడు ఇంజనీరమ్మ ఆసుపత్రికి వెళ్లింది. బయటి గదిలో తెర అలాగే ఉంది, ఎదుట ఇంకెవరో ఎవరికోసమో కూర్చుని ఉన్నారు. మూడు గంటల దాకా ఆమె కూడా ఒక మూల కూర్చుంది. మూడు దాటాక పడమటి కిటికీలోంచి, అన్నాళ్ల ముసురు విడిచి తల్లి పోయిన నాడే మొదలైన ఎండ జారి, సరిగ్గా పెట్టె నెత్తిన పడింది. మూడున్నరకు లేచి చెయ్యి పెట్టి చూసింది. చుర్రుమంది. ల్యాబులో ఎప్పుడూ ఏసీ చల్లదనమే. ఎండ అన్నది ఒకటుంటుందని ఆమె పరీక్షలో ఎక్కడా రాసుకోలేదు.

ఆయాను వెతికి పట్టుకుంది. పాపం, ఆమెకు చాడీ చెప్పే బుద్ధి లేదు, మనసులో నిలవక చెప్పింది.

"రెండుసార్లు ఎత్తిందమ్మా చెయ్యి. మొదటిసారి ఎత్తి వేళ్లు తిప్పింది, దించేసింది. కాసేపాగి మళ్లీ ఎత్తింది. ఈసారి దించలేదు. అలసిపోయి దానంతటదే పడిపోయింది. లోపలి తెరలో పెద్దాయన ఇటే చూస్తున్నాడు, కళ్లలో కళ్లు పెట్టి. మెడకాయ ఆడించినా కనబడేది. నేను చేతిలో చీపురు పారేసి, అయ్యా అని తెర ముందు చెయ్యి ఊపాను కూడా. నాకేసీ చూడలేదు."

"నీకేసీ చూడలేదా?"

"లేదమ్మా. నేనసలు లేనట్టే."

లోపలి గది చల్లగా ఉంటుంది. ఆ తెర నడిచింది. బయటి పెట్టెలో కెమెరా పని వేరే చిన్న చిప్పుది, అదీ నడిచింది. అందుకని తండ్రి తల్లికి కనబడ్డాడు. ఆమె మాత్రం ఆయనకు కనబడలేదు, కనబడుతున్నట్టే ఉంది. తల్లి ఏమనుకుని పోయి ఉంటుందో అన్న ఆలోచన ఇంజనీరమ్మకు ఆసుపత్రి మెట్ల మీద వచ్చింది. అక్కడే కూలబడింది. వచ్చేపోయేవాళ్లు పక్కకు తప్పుకుని వెళ్లారు. ఆసుపత్రి మెట్ల మీద ఏడ్చేవాళ్లను ఎవరూ ఎందుకని అడగరు.

అయినా రుజువు కావాలి. సాయంత్రం కొట్టుకు వెళ్లి, "నాన్నా, ఒక గోడగడియారం ఇస్తావా? సెకన్ల ముల్లు టిక్కుటిక్కుమని ఆగి ఆగి కాకుండా, సాఫీగా తిరిగేది కావాలి," అంది.

ఆయన ఎందుకని అడగలేదు. అరలోంచి ఒకటి దించి, చెవి దగ్గర పెట్టుకుని విని, గుడ్డతో తుడిచి ఇచ్చాడు. "ఎన్నాళ్లకు?"

"రెండు రోజులు. పరీక్షకి."

"తీసుకుపో. ఇది ఆగదు. నేను బాగుచేసిందే." ఆ మాట అని ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత భూతద్దం కంటికి పెట్టుకున్నాడు, ముందు ఏ గడియారమూ లేకపోయినా.

మర్నాడు ల్యాబులో కెమెరా ముందు ఆ గడియారాన్ని గోడకు తగిలించింది. పిల్లి ఉన్న పెట్టె నెత్తిన పెద్ద బల్బు దీపం వంచి పెట్టింది. తెరలో గడియారం, గోడ మీద గడియారం, రెండింటి ముళ్లూ కవల పిల్లల్లా కలిసి తిరుగుతున్నాయి. మూడింటికి మొదలుపెట్టింది. మూడూ నలభై దాకా తిరిగాయి. తర్వాత కాసేపటికి, చప్పుడూ లేదు, మినుకూ లేదు, తెరలో సెకన్ల ముల్లు ఏడు దగ్గర నిలబడిపోయింది. గోడ మీద ముల్లు తన దారిన తను పోతూనే ఉంది. వేడికి తట్టుకోలేక పిల్లి తన వేగం తనే తగ్గించుకుంది, కొత్త బొమ్మ గీసే ఓపిక లేక పాత బొమ్మనే పట్టుకు కూర్చుంది. ఎద్దు అలిసిపోతే పడుకునేది, పడుకున్నట్టు అందరికీ తెలిసేది. ఇది కళ్లు తెరుచుకునే నిద్రపోయింది.

గీతలాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన అలవాటుగా మీటరు వైపు చూశాడు.

"నలుపు సున్నా. మరింకేమమ్మా?"

"గోడ మీద టైమెంత సార్?"

"నాలుగూ పది."

"తెర మీద?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తెర మీద నాలుక్కి పది తక్కువ. బొమ్మ మాత్రం ముత్యంలా ఉంది, అంకెల మీద గీరిన గీతతో సహా కనబడుతోంది.

"ఎండలో పెట్టమని మనం చెప్పలేదుగా వాళ్లకి," అన్నాడు.

"పెట్టొద్దని కూడా చెప్పలేదు సార్."

"కొలవమన్నదంతా కొలిచాం."

"కొలిచింది నేనే. వెలుగు ఉందా లేదా అని కొలిచాను. కదులుతోందా అని కొలవలేదు. మా అమ్మ..." అని బల్లమీది వైర్లు సర్దడం మొదలుపెట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. ఈ పిల్ల తల్లి పోయింది ఆ ఆసుపత్రిలోనే, ఆ తెర అవతలే. పాత రిపోర్టు తీయించాడు. 'మంచి గుణం' కింద తను గీసిన గీత ఎర్రగా అలాగే ఉంది. కలం తీసి, ఈసారి కింద కాదు, ఆ రెండు మాటల మీదనుంచే అడ్డంగా గీశాడు.

"మూడు జతలూ ఇవాళే దింపించేయండి," అన్నాడు. "ఎందుకు దింపుతున్నామో ఆసుపత్రికి ఉత్తరం రాయాలి. రేపు పొద్దున వెళ్లాలి. మీరు రాయలేకపోతే నేను రాస్తాను."

"నేనే రాస్తాను సార్."

రాసింది. రాస్తున్నంతసేపూ ఆమెకు ఒకటే ధ్యాస. ఉత్తరం ఆసుపత్రికి చేరితే మధ్యాహ్నానికి ఆయాకు తెలుస్తుంది, సాయంత్రానికి మేడమీదావిడకు తెలుస్తుంది. తండ్రికి ఎవరి నోటి మీదుగా తెలుస్తుందో ఎవరు చెప్పగలరు? ఇప్పటిదాకా వీధిలో తిరిగే మాట ఆయన చెవిన పడలేదు. పడకముందే చెప్పాలి. చెబితే ఆ చివరి చూపు ఉత్త బొమ్మ అయిపోతుంది, భార్య పిలిచిందనీ తను పలకలేదనీ ఆయనకు తెలిసిపోతుంది. చెప్పకపోతే వీధిలో రాతిగుండె మనిషిగా మిగిలిపోతాడు.

"చెప్పకు," అంది పిన్ని, విని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, తేరుకుని. "వీధి నోరు నాలుగు రోజులు వాగి మూసుకుంటుంది. ఆయనకు మిగిలింది ఆ ఒక్క చూపే. దాన్నీ లాక్కుంటావా? అక్క ఉంటే చెప్పనిచ్చేదా?"

"అమ్మ ఉంటే నాన్నను ఎవరైనా ఒక మాట అననిచ్చేదా?"

పిన్ని లేచి, ఫ్లాస్కులో టీ పోసుకుని, "పద, నేనూ వస్తా," అంది.

కొట్టు దగ్గరికి వెళ్లేసరికి మేడమీదావిడ అక్కడే ఉంది. చంకలో పిల్లి పిల్లను పెట్టుకున్నట్టు ఒక అలారం గడియారం పెట్టుకుని నిలబడింది.

"నెల్లాళ్లయింది అన్నగారూ. మోగమంటే మోగదు, మోగితే ఆగదు. అచ్చం మా ఆయన గురకే," అంటోంది. వీళ్లను చూసి నవ్వు తగ్గించింది.

గడియారాలాయన భూతద్దంలోంచి చూస్తూ ఏదో చిన్న చక్రాన్ని పట్టకారుతో పట్టుకుని ఉన్నాడు. "కూర్చో అమ్మడూ," అన్నాడు తలెత్తకుండా.

మేడమీదావిడ వెళ్లేదాకా ఆగుదామని పిన్ని మోచేత్తో పొడిచింది. ఇంజనీరమ్మ ఆగలేదు. పుట్టిన చోటే ఆ మాట చావాలనుకుంది.

"అత్తయ్యా, మీరూ వినండి," అంది మేడమీదావిడతో. ఆపైన తండ్రి వైపు తిరిగి, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఎండ పడే కిటికీ సంగతి, పెట్టె వేడెక్కడం, పిల్లి పాత బొమ్మను పట్టుకుని కూర్చోవడం. ఆ గుణాన్ని మంచిదని రాసింది తనేనని చెప్పింది. ఆయన చూసింది అప్పటికే ఆగిపోయిన బొమ్మనని చెప్పింది. అమ్మ చెయ్యెత్తిందని చెప్పింది.

పట్టకారు బల్ల మీద పెట్టాడాయన. భూతద్దం నుదుటి మీదికి నెట్టాడు.

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"ఇట్లాగేనా?" చెయ్యెత్తి రెండు వేళ్లు తిప్పాడు.

"అట్లాగే నాన్నా."

ఆయన చెయ్యి దించుకుని, దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. పిన్ని గోడ వైపు తిరిగింది. మేడమీదావిడ అలారం గడియారాన్ని బల్ల మీద పెట్టబోయి, పెట్టలేక మళ్లీ చంకలోకి తీసుకుంది.

"అన్నగారూ, నా నోరు పడిపోను," అంది. "తెలియక నలుగురిలో ఏదేదో వాగాను. చెప్పుతో కొట్టినా పడతాను."

"మీదేం లేదు అత్తయ్యా," అంది ఇంజనీరమ్మ. తండ్రి మోకాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. "నాన్నా, నీ తప్పు వెంట్రుకవాసి కూడా లేదు. ఆ బొమ్మ చూసి, అది ఆగిందని ఎవరూ కనిపెట్టలేరు. నేనే కనిపెట్టలేకపోయాను, మూడు రోజులు మీటరు పెట్టుకుని కూర్చుని కూడా. నీకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?"

"తెలిసింది," అన్నాడాయన. "చుక్క సీసా గొట్టం అంచునే వేలాడుతూ ఉండిపోయింది. ఇరవై ఏడు నిమిషాలు. చేతికున్న గడియారం చూసుకుంటూనే ఉన్నాను. నర్సును పిలుద్దామని లేచాను కూడా. ఆగితే నల్లబడుతుందన్నావు. నల్లబడలేదు. కూర్చున్నాను."